చెయ్యి వేసే ముందు ఒక్క మాట!

ఒళ్లు నొప్పులకు మర్దన మంచిదే. అయితే బల్లమీద పడుకున్న మనిషి భయంతోనో బిడియంతోనో బిగుసుకుపోతే ఎంత మంచి నూనె అయినా, ఎంత పనితనం ఉన్న చెయ్యి అయినా ఉపయోగం ఉండదు. ఆ బిడియాన్ని పోగొట్టే పద్ధతులు ఏమిటి? ఎక్కడ లక్ష్మణరేఖ గీసుకోవాలి? చేయించుకునేవాళ్లూ, చేసేవాళ్లూ కూడా తెలుసుకోవాల్సిన సంగతులివి.

మా పెద్దమ్మది పాలకొల్లు. డెబ్భై ఏళ్లకు దగ్గరపడినా జుట్టు నడుము దాకా ఉంటుంది. తెల్లారేసరికి తల దువ్వుకుని, ముడి వేసుకుని గానీ వీధి గుమ్మంలోకి రాదు. అలాంటి మనిషి ఆర్నెల్లకు పైగా కోడలి చేత జడ వేయించుకుంది. కారణం.. కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. జాకెట్టు తొడుక్కోవాలన్నా ఒకరి సాయం కావాల్సిందే.

చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చేతులవి. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ తరం ఆడవాళ్లు చాలామంది మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద చేరి లేసు అల్లినవాళ్లే. దానికి తోడు పెద్దమ్మకు చక్కెర జబ్బు. ఆ జబ్బున్నవాళ్లలో భుజం ఇలా బిగుసుకుపోవడం ఎక్కువేనట. డాక్టరుగారు మందులు రాసి, ఫిజియోథెరపీ చేయించమన్నారు. ఈలోగా తెలిసినవాళ్లెవరో ‘‘నూనె మసాజ్ చేయించండి, రెండు వారాల్లో తగ్గిపోద్ది’’ అన్నారు. సరే అని ఓ మసాజ్ సెంటరుకు తీసుకెళ్లాం.

ఒక్కరోజే వెళ్లింది. మర్నాడు రానంది. ‘‘ఏం పెద్దమ్మా?’’ అంటే ‘‘నాకొద్దే’’ అంది. అంతే! సరే, ఫిజియోథెరపీకైనా వెళదామంటే దానికీ వద్దంది. ‘‘ఈ వయసులో ఇంకెవరి చేతా ఒళ్లు ముట్టించుకోను’’ అని తేల్చేసింది. ఇంట్లో అందరం మొండితనం అనుకున్నాం.

అసలు సంగతి బయటపడింది అయిదు నెలల తర్వాత. ఓ రాత్రి నాకు చెప్పింది. లోపలికి వెళ్లగానే ‘బట్టలు తీసి పడుకోండి’ అన్నారట. ఎంతవరకు తియ్యాలో చెప్పలేదు. కప్పుకోవడానికి చిన్న తువ్వాలు ఇచ్చారు. గదికి లోపల గడియ లేదు. మధ్యలో ఓ కుర్రాడు తలుపు తోసుకుని వచ్చి, అలమరలో ఉన్న నూనె సీసా తీసుకుని వెళ్లిపోయాడు. భుజం నొక్కుతుంటే ప్రాణం పోయినంత పనైందట. అంటే ‘కాస్త ఓర్చుకోండి, అలా ఉంటేనే గుణం’ అన్నారట.

‘‘ఆపమని చెప్పలేకపోయావా?’’ అన్నాను.

‘‘ఎలా చెప్పనే? వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు కదా!’’

నిజం చెప్పాలంటే ఆ రోజు ఆవిడతో ఎవరూ చెడుగా ప్రవర్తించలేదు. కేసు పెట్టేంత నేరం ఏదీ జరగలేదు. అయినా అయిదు నెలలు వృథాగా పోయాయి. భుజం మరింత బిగుసుకుంది. ఎవరూ తప్పు చెయ్యకుండానే ఇంత నష్టం ఎలా జరిగింది? ఆలోచిస్తే ఒక్కటే కనిపిస్తుంది. ఆ గంటసేపట్లో పెద్దమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

మామ్మల నాటి కట్టుబాట్లు

మర్దన మనకేం కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో పురుడు పోసుకున్న ఇంట్లో మొదట వెతికేది నీళ్లు పోసే మనిషినే. పీటమీద కూచుని, రెండు కాళ్లూ చాపి, పసిబిడ్డను కాళ్లమీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోస్తుంటే పక్కన సాంబ్రాణి పొగ సిద్ధంగా ఉండేది. ఆ తర్వాత బాలింత వంతు. నరక చతుర్దశికీ ఉగాదికీ ఇంటిల్లిపాదికీ తలంట్లు. మగవాళ్లకు క్షవరం అయ్యాక నాయీబ్రాహ్మణులు తల, మెడ, భుజాలు పట్టి పంపేవారు. వ్యాయామశాలల్లో వస్తాదులు ఒకరికొకరు ఒళ్లు పట్టుకునేవారు.

ఎక్కడా రాసి లేకపోయినా ఇందులో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేసేవారు. వచ్చే మనిషి పదిమందికీ తెలిసినావిడ. గదిలో తల్లో, అత్తగారో, అమ్మమ్మో ఉండేవారు. పాత చీర ఒకటి కప్పడానికి ఉండేది. నూనె ముందు తన అరచేతిలో వేసుకుని వేడి చూసుకున్నాకే ఒంటికి రాసేది. ఆయుర్వేదంలోనూ అంతే. అభ్యంగం రోజూ మంచిదే అంటూనే అజీర్ణం ఉన్నప్పుడు, ఒంట్లో కఫం పెరిగినప్పుడు వద్దని శాస్త్రం చెప్పింది. అంటే వద్దనే రోజులూ ఉన్నాయన్నమాట.

అలాగని పాతవన్నీ మంచివి కావు. పసిబిడ్డల ముక్కుల్లో, చెవుల్లో నూనె పొయ్యడం, పుట్టిన బిడ్డ రొమ్ములు పిండడం ప్రమాదమని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. పైగా బాలింతను ‘నీకు బాగుందా’ అని అడిగిన ఇళ్లెన్ని? అత్తగారు పిలిపించిన మనిషిని కోడలు వద్దనగలదా!

ఇప్పుడు కాలం మారింది. ఇంటి పెరట్లో జరిగేది ఏసీ గదిలోకి వచ్చింది. స్పాలు, ఆయుర్వేద కేంద్రాలు, ఇంటికొచ్చి చేసి వెళ్లేవాళ్లు.. ఇలా రకరకాలు. చేసేది ఎవరో తెలియదు. గదిలో తోడు ఎవరూ ఉండరు. పాత కట్టుబాట్లు గుమ్మం బయటే ఆగిపోయాయి. వాటి బదులు కొత్తవి వచ్చాయా అంటే.. కొన్నిచోట్ల వచ్చాయి. చాలాచోట్ల రాలేదు.

పడుకున్న మనిషి, నిలబడ్డ మనిషి

మర్దన గదిలో ఇద్దరూ సమానం కాదు. ఒకరు పడుకుని ఉంటారు, ఒకరు నిలబడి ఉంటారు. ఒకరి ఒంటిమీద సరిగా బట్టలుండవు, ఇంకొకరు నిండుగా ఉంటారు. బోర్లా పడుకున్నవారికి ఎదుటి మనిషి ముఖం కూడా కనిపించదు. కళ్లజోడు, ఫోను పక్కన పెట్టేసి ఉంటారు. ‘ఆయనకు తెలిసినంత నాకు తెలియదు కదా’ అన్న మొహమాటం ఒకటి. ఇన్ని ఉన్నప్పుడు ‘ఆపండి’ అన్న మాట గొంతు దాటి రాదు.

అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగరు. ముందే అడుగుతారు. వద్దనే హక్కు మీకుందని మాటల్లో చెబుతారు. వృత్తిలో హద్దులంటే ఇవే. ముట్టుకోకూడని చోట ముట్టుకోకపోవడం ఒక్కటే కాదు. చెప్పకుండా, అడగకుండా ఏదీ చెయ్యకపోవడం.

‘నొప్పి ఓర్చుకుంటేనే గుణం’ అన్న మాట కూడా సరికాదు. నొక్కినప్పుడు ‘అబ్బ.. హాయిగా ఉంది’ అనిపించే తీపి నొప్పి వేరు. ఊపిరి బిగపట్టాల్సి వచ్చే నొప్పి వేరు. నొప్పికి భయపడి కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. ఒళ్లు కమిలిపోవడం మర్దన బాగా జరిగిందనడానికి గుర్తు కాదు. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, కళ్లు తిరగడం.. వీటిలో ఏది అనిపించినా అక్కడితో ఆపాల్సిందే. అందుకే మంచి థెరపిస్టు మధ్యమధ్యలో ‘ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పండి, ఎంత గట్టిగా ఉంది?’ అని అడుగుతారు.

లండన్లో నలుగురు నర్సులు

ఈ హద్దుల గొడవ మనదొక్కరిదే అనుకునేరు. దీనికో పాత కథ ఉంది. పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు వెళ్లి, బ్రైటన్ పట్టణంలో 1814లో ఆవిరి స్నానాల శాల తెరిచాడు. మన మాలీషును అక్కడి దొరలకు రుచి చూపించాడు. ఆ సేవ పేరు ‘షాంపూయింగ్’. ఒళ్లు పట్టు, నొక్కు అనే అర్థం ఉన్న ‘చాంపో’ అనే హిందీ మాట నుంచి వచ్చిందది. ఇప్పుడు మనం తలకు రాసుకునే షాంపూ పేరుకు మూలం అదే! నాలుగో జార్జి రాజుకు షాంపూయింగ్ సర్జన్‌గా పనిచేసేంత గౌరవం దక్కింది దీన్ మహమ్మద్‌కు.

అదే ఇంగ్లండులో ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి మసాజ్ అంటే ముఖం చిట్లించే పరిస్థితి వచ్చింది. లండన్లో కొన్ని మసాజ్ శాలల మాటున వ్యభిచారం సాగుతోందని 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. పెద్ద దుమారమే రేగింది. నిజాయతీగా రోగులకు మర్దన చేసే నర్సులు తలెత్తుకోలేకపోయారు.

అప్పుడు నలుగురు నర్సులు ఒకచోట చేరారు. లూసీ రాబిన్సన్, రోసలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్. అదే ఏడాది శిక్షణ పొందిన మర్దనకారుల సంఘం పెట్టారు. చదువు, పరీక్షలు, వాటితోపాటు నియమాలు. డాక్టరు చెబితేనే మర్దన చెయ్యాలి. డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప మగవాళ్లకు ఒళ్లంతా మర్దన చెయ్యకూడదు. వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు. రోగులకు మందులు అమ్మకూడదు. ఇవీ వాళ్లు గీసుకున్న గీతలు.

కొన్ని నియమాలు ఇప్పుడు మరీ కట్టుదిట్టంగా అనిపించొచ్చు. కానీ ఫలితం చూడండి. 1920లో ఆ సంఘానికి రాజముద్ర పడిన అధికార పత్రం దక్కింది. ఆ సంఘమే తర్వాతి కాలంలో చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయ్యింది. అంటే ఈనాడు మనం ఎంతో నమ్మకంగా వెళ్లే ఫిజియోథెరపీకి అక్కడ పునాది పడింది మర్దన చేసే చేతులు తమకు తామే హద్దులు పెట్టుకున్న రోజున!

మంచి చోట ఏం జరుగుతుంది?

మీరు ఓ మంచి కేంద్రానికి వెళ్లారనుకుందాం. మొదట కుర్చీలో కూచోబెట్టి మాట్లాడతారు. బీపీ, చక్కెర, గుండెజబ్బు ఉన్నాయా? ఈమధ్య ఆపరేషన్ అయ్యిందా? ఏ మందులు వాడుతున్నారు? ఏ నూనె పడదు? ఎక్కడ నొప్పి? ఎక్కడ చెయ్యి వెయ్యొద్దు? చివరి ప్రశ్న అడిగారంటే సగం మంచి చోటుకే వచ్చినట్టు.

తర్వాత ఏం చెయ్యబోతున్నారో, ఎంతసేపు పడుతుందో, ఎంత తీసుకుంటారో ముందే చెబుతారు. బట్టల సంగతి కూడా. భుజం నొప్పికి వచ్చిన మనిషి చీర మొత్తం విప్పాల్సిన అవసరమే లేదు. ‘మీకు ఎంతవరకు ఇబ్బంది లేదో అంతవరకే తియ్యండి’ అనడం పద్ధతి. బట్టలు మార్చుకునేటప్పుడు థెరపిస్టు బయటికి వెళతారు. మళ్లీ తలుపు తట్టి, రమ్మంటేనే వస్తారు.

ఒళ్లంతా దుప్పటి కప్పి ఉంటుంది. ఏ భాగానికి మర్దన చేస్తున్నారో అంతవరకే పక్కకు జరుపుతారు. కుడికాలు అయ్యాక అది కప్పేసి ఎడమకాలు. ఆయుర్వేద పంచకర్మలో పెద్ద చెక్క బల్ల, దాన్నే ద్రోణి అంటారు, దానిమీద పడుకోబెట్టి నూనె ధారగా వాడతారు కాబట్టి దుప్పటి కుదరదు. అక్కడ గోచీలాంటి గుడ్డ కట్టుకోమంటారు. ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి చేస్తారు. అందుకే సాధారణంగా ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లే చెయ్యడం ఆనవాయితీ. ఈ సంగతి ముందురోజే చెప్పాలి. బల్ల దగ్గరికి తీసుకెళ్లాక కాదు.

మాటలూ ముఖ్యమే. ఒంటి రంగు గురించి, లావు గురించి, పెళ్లి గురించి వ్యాఖ్యలు ఉండవు. తన కష్టాలు చెప్పుకోవడం, సొంత ఫోన్ నంబరు ఇచ్చి ‘విడిగా వస్తాను’ అనడం ఉండవు. ‘ఈ కషాయం కొనండి, ఈ నూనె మూడు సీసాలు తీసుకోండి’ అని బల్లమీద ఉన్నప్పుడే అంటగట్టడం అసలే ఉండదు. పడుకుని ఉన్న మనిషి కాదనలేడు కదా! వెన్నులో ఏదో తేడా ఉందనిపిస్తే ‘డాక్టరుకు చూపించండి’ అంటారే తప్ప, తామే జబ్బు పేరు చెప్పరు.

ఒంటరిగా ఓ కాలిపిక్క వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే మర్దన చెయ్యకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. చక్కెర జబ్బుతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు గట్టిగా నొక్కినా, వేడి నూనె పోసినా తెలియదు. వాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ‘ఇవాళ చెయ్యలేను’ అని డబ్బు వదులుకుని పంపగలిగిన మనిషినే నమ్మాలి.

ఎవరు చెయ్యాలి?

ఆడవాళ్లకు మగవాళ్లు చెయ్యొచ్చా? మగవాళ్లకు ఆడవాళ్లు? దీనిమీద ఢిల్లీలో పెద్ద చర్చే జరిగింది. స్పాలలో ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లే చెయ్యాలని 2021లో అక్కడి ప్రభుత్వం మార్గదర్శకాలు ఇస్తే, ఆ నిషేధాన్ని అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిలిపేసింది.

కోర్టుల సంగతి ఎలా ఉన్నా ఇంటి మనుషులుగా మనకు కావాల్సింది ఒకటుంది. ఎంచుకునే అవకాశం. ఎవరు చేస్తారో ముందే చెప్పాలి. వద్దంటే ముఖం ముడుచుకోకుండా మార్చాలి. ఆడమనిషే చేసినా అడగకుండా లాగిపారేస్తే ఇబ్బందే. మా పెద్దమ్మకు చేసింది ఆడమనిషే మరి!

ఆసుపత్రుల విషయంలో దీనికి రాతపూర్వకమైన ఆధారం ఉంది. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం.. మగ డాక్టరు ఆడ రోగిని ముట్టుకుని పరీక్షించేటప్పుడు మరో ఆడమనిషి అక్కడ ఉండాలని కోరే హక్కు ఉంది. మసాజ్‌కి వెళ్లినా ఇదే మాట అడగడంలో తప్పులేదు. ‘మా అమ్మాయి లోపల కూచుంటుందండి’ అంటే కాదనే చోటు మనకొద్దు.

మగవాళ్లకు బిడియం ఉండదనుకోవడం కూడా పొరపాటే. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాళ్లు, రోజంతా లారీ నడిపేవాళ్లు నడుం పట్టేసినా మర్దనకు వెళ్లరు. వెళ్లినా ‘ఇక్కడొద్దు’ అనలేరు. మగాడివై ఉండి ఏంటీ సిగ్గు అంటారేమోనని. సిగ్గు పడటానికి ఆడా మగా తేడా లేదు.

ఇక పిల్లలు. ఆటల్లో దెబ్బ తగిలి ఫిజియో దగ్గరికి వెళ్లే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు. గదిలో అమ్మో నాన్నో ఉండాలి. అది పెద్దవాళ్ల బాధ్యత. దాంతోపాటు పిల్లల్నీ అడగాలి. ‘ఇక్కడ పట్టుకోనా నాన్నా?’ అని అడిగితే, తన ఒళ్లు తనదేనన్న సంగతి ఆ పిల్లాడికి జీవితాంతం గుర్తుంటుంది.

ఊరు చిన్నది.. మాట పెద్దది

హైదరాబాదులో మసాజ్‌కి వెళితే ఎవరికీ తెలియదు. పాలకొల్లులాంటి ఊళ్లో అలా కాదు. పూలపల్లి దగ్గర బస్సు దిగేసరికే ఫలానావారి కోడలు ఎక్కడికి వెళ్లొచ్చిందో నలుగురికి తెలిసిపోతుంది. క్షీరారామలింగేశ్వరుడి గుళ్లో ప్రదక్షిణ చేస్తుంటే ‘నడుం నొప్పి తగ్గిందా అమ్మా?’ అని పలకరిస్తారు. ప్రేమతోనే కావచ్చు. కానీ మనం చెప్పుకోని సంగతి వాళ్లదాకా ఎలా వెళ్లింది?

మర్దన చేసేవారికి ఒంటిమీద కనిపించేవి ఒక్క నొప్పులే కాదు. ఆపరేషన్ మచ్చలు కనిపిస్తాయి. కాలిన గుర్తులు, కమిలిన దెబ్బలు కనిపిస్తాయి. కొందరు మెడమీద చెయ్యి వెయ్యగానే ఏడ్చేస్తారు. ఎన్నాళ్లనుంచి దాచుకున్నారో! అప్పుడు చెయ్యాల్సింది కాస్త ఆగి, దుప్పటి సరిచేసి, ‘కాసేపు ఆపనా అమ్మా?’ అనడం. కారణాలు తవ్వడం కాదు. ఆ గదిలో చూసింది, విన్నది గుమ్మం దాటకూడదు. ఇంటింటికీ వెళ్లి చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. పక్కింటి బాలింత సంగతి మీకు చెప్పిందంటే మీ సంగతి ఎదురింట్లో చెబుతుందనే లెక్క.

ఆ చేతులకూ మర్యాద కావాలి

ఇంతవరకూ చేయించుకునేవాళ్ల గురించే మాట్లాడుకున్నాం. మరి చేసేవాళ్లు? ఆ పని చేసే ఆడవాళ్లు చాలామంది తమ పని పేరు బంధువులకు కూడా ‘బ్యూటీపార్లరు’ అనో ‘ఆసుపత్రి’ అనో చెప్పుకుంటారు. ఎక్కడో ఓ స్పా మీద పోలీసుల దాడి జరిగిందని పేపర్లో పడితే అందర్నీ అదే కంటితో చూస్తారు. కొందరు మగ కస్టమర్ల వెకిలి మాటలు, ‘ఇంకేమైనా ఉందా?’ అన్న ప్రశ్నలు భరించాల్సి వస్తుంది. 1894లో లండన్ నర్సులు పడిన బాధ ఇదే.

కాబట్టి హద్దులు వాళ్లకూ రక్షణే. దుప్పటి కప్పడం, నియమాలు రాసి గోడమీద పెట్టడం, తేడాగా ప్రవర్తిస్తే మర్దన అక్కడితో ఆపి ‘బట్టలు వేసుకుని వెళ్లండి’ అనగలగడం.. ఇవన్నీ. అలా అన్నందుకు యజమాని జీతం కొయ్యకూడదు. ఇది దయ కాదు, చట్టం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం పనిచేసే చోటికి వచ్చే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించాల్సిన బాధ్యత యజమానిదే. పదిమంది, అంతకుమించి పనివాళ్లున్నచోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. యజమాని మీదైనా అక్కడికే వెళ్లొచ్చు.

మన వంతూ ఉంది. స్నానం చేసి వెళ్లడం, చెప్పిన వేళకు వెళ్లడం, మాట మర్యాదగా ఉండటం, ‘కాస్త ఎక్కువసేపు చెయ్యి’ అని పీడించకపోవడం. గంటలకొద్దీ నొక్కి నొక్కి వాళ్ల బొటనవేళ్లు, మణికట్లే నొప్పులతో ఉంటాయని మనకెవరికీ తట్టదు.

హద్దు దాటితే..

ఏదో తేడాగా అనిపిస్తే ముందు చెయ్యాల్సింది ‘ఆపండి’ అనడం. కారణం చెప్పక్కర్లేదు. లేచి, బట్టలు వేసుకుని బయటికి రండి. ‘నేనే పొరపాటు పడ్డానేమో’ అని అక్కడే ఆలోచిస్తూ పడుకోవద్దు. ఆలోచించడానికి ఇంటికొచ్చాక బోలెడు సమయం.

చెయ్యి జారిందా, కావాలనే వేశారా అన్న అనుమానం ఉంటే ఇంట్లో నమ్మకమైనవారికి చెప్పండి. వినేవాళ్లు ‘నువ్వెందుకు వెళ్లావు?’ అనకూడదు. ఆ మాట విన్న ఆడవాళ్లు ఇంకెప్పుడూ నోరు విప్పరు. కావాలనే చేశారని తెలిస్తే అది నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మహిళల గౌరవానికి భంగం కలిగేలా చెయ్యి వెయ్యడం 74వ సెక్షను కిందా, లైంగిక వేధింపులు 75 కిందా, బట్టలు మార్చుకునేచోట దొంగచాటుగా చూడటం, కెమెరాతో తియ్యడం 77 కిందా వస్తాయి. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి.

వెళ్లే ముందు అడగండి

* చేసేవారు ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నారు? బోర్డు మీద ‘థెరపీ’ అని ఉన్నంత మాత్రాన ఫిజియోథెరపిస్టు కాదు. అది నాలుగేళ్లకు పైబడిన డిగ్రీ.

* ఆడవాళ్లు చేస్తారా, మగవాళ్లా? మార్చుకోవచ్చా?

* తోడు వచ్చినవారిని లోపల ఉండనిస్తారా?

* బట్టలు మార్చుకోవడానికి విడిగా చోటు, లోపల గడియ ఉన్నాయా? గదిలో కెమెరాలు లేవు కదా?

* కప్పుకోవడానికి ఉతికిన దుప్పటి ఇస్తారా?

* మధ్యలో ఆపమంటే ఆపుతారా? మొత్తం ఎంత తీసుకుంటారు?

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పినచోటికే వెళ్లండి. విసుక్కున్నారంటే అదే మీకు జవాబు.

*

పెద్దమ్మ సంగతి చెప్పలేదు కదూ! అంతా విన్నాక ఓ లేడీ ఫిజియోథెరపిస్టును ఇంటికే పిలిచాం. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. రాగానే చేతులు కడుక్కుని, పెద్దమ్మ ఎదురుగా స్టూలు వేసుకుని కూచుంది. బల్ల, మంచం మాటే ఎత్తలేదు.

‘‘చీర తియ్యక్కర్లేదండి. కొంగు కాస్త జరుపుకుంటే చాలు. నేను ఇక్కడ చెయ్యి వేస్తాను. వెయ్యొచ్చా అమ్మా? నొప్పనిపిస్తే చాలు అనండి. వెంటనే ఆపేస్తాను’’ అంది.

పెద్దమ్మ కాసేపు ఆమె వంక చూసింది. ‘‘ఆయ్, వెయ్యమ్మా’’ అంది. మూడో నిమిషంలోనే ‘‘చాలు’’ అంది. ఆ అమ్మాయి నిజంగానే చెయ్యి తీసేసింది. పెద్దమ్మ అంత నొప్పిలోనూ నవ్వింది. నొప్పికంటే ముందు అది పరీక్ష అని మా అందరికీ అర్థమైంది. ‘‘సరే, ఇప్పుడు చెయ్యి’’ అంది.

ఒక్క రోజులో తగ్గలేదు. గోడమీద వేళ్లతో పాకించే వ్యాయామాలు, వేడి కాపడాలు, కాస్త మర్దన.. నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ చెయ్యి పూర్తిగా వెనక్కి తిరగదు. అయిదు నెలలు ముందే మొదలుపెట్టి ఉంటే ఇంకాస్త బాగుండేదని ఆ అమ్మాయి అంది.

మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి పెద్దమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. ముడి కొంచెం పక్కకు ఒరిగింది. సరిచెయ్యబోతే నా చెయ్యి పక్కకు తోసేసింది.

‘‘అడక్కుండా చెయ్యి వెయ్యకూడదని నువ్వే రాస్తున్నావటగా! ఉండనీ.. నేనే వేసుకున్నాను.’’